నర్సయ్య కేక

రేపు పొద్దున హైదరాబాదు దవాఖానలో నర్సయ్య స్వరపేటిక తీసేస్తారు. క్యాన్సరు మరి, దాన్ని ఉంచితే మనిషే దక్కడు. మాట పోతే పోనీ అనుకున్నా, ఆ కేక పోతే మందను మళ్లించేదెవరు? చివ్వెంల పొలాల్లో ఆ గొర్రెలు లేచేదీ ఆయన కేకకే, మళ్లేదీ ఆయన కేకకే. భార్య జంగమ్మ ఎంత మొత్తుకున్నా ఒక్క గొర్రె కూడా చెవిన పెట్టదు.

అందుకే కొడుకు ఉపేందర్ ఆ కేకను రికార్డు చేయాలని పట్టుబట్టాడు. స్పీకర్లో పెట్టి అమ్మ చేతికిస్తే మంద ఆమె వెంట నడుస్తుందని ఆశ. ఫోనులో పట్టి వినిపిస్తే గొర్రెలు ఖాతరు చేయలేదు. దాంతో సూర్యాపేటలో మైకు సెట్లు కిరాయికిచ్చే దోస్తు శ్రీహరి దగ్గర్నుంచి మంచి మైకు తెచ్చి, ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్‌కు తగిలించాడు. సాయంత్రం దవాఖానకు తీసుకుపోయే కారు వచ్చేలోపు పని కావాలి.

ఆ దిక్కుమాలిన డబ్బా వింటేగా!

"నాయినా, ఒక్కసారి పిలువు."

"హోర్రియ్యో..." అన్నాడు నర్సయ్య. తెరమీద శబ్దాన్ని చూపే గీత ఉలకలేదు, పలకలేదు. దొడ్లో గొర్రెలు మాత్రం దిగ్గున లేచి, మేతకు విడుస్తారని కంచె మీద పడ్డాయి.

"జర గట్టిగ, నాయినా."

మళ్లీ కేక. మళ్లీ గొర్రెల అరుపులు. గీత మాత్రం కదల్లేదు. ఉపేందర్ వైరు తీశాడు, పెట్టాడు, సెట్టింగులన్నీ తిరగేశాడు. ప్రతిసారీ "ఇంకోసారి" అన్నాడు. పాపం, ముసలాయన ఒక్కసారైనా కాదనలేదు. గుక్కెడు నీళ్లు మింగి మళ్లీ పిలిచాడు.

"నోరులేని జీవాలను గిట్ల ఉత్తగ లేపుతున్రేందిరా! ఆయన గొంతన్న సూడవా?" దొడ్డి దగ్గర్నుంచి జంగమ్మ తిట్టింది.

తండ్రి తువ్వాలుకు నెత్తురు చార కనబడేసరికి ఉపేందర్‌కు ప్రాణం పోయినంత పనైంది. ఏడుపు గొంతుతో శ్రీహరికి ఫోన్ చేశాడు.

"పిన్ను ఏడ పెట్టినవ్?" అన్నాడు శ్రీహరి.

"ముంగట, మైకు బొమ్మ ఉన్నకాడ."

"అరే, శానా డబ్బాలల్ల ముంగటిదానికి లోపల వైరే ఉండదు. ఎనకకు సూడు, సౌండ్ కార్డుకు గులాబి రంగు హోల్ ఉంటది. దాంట్ల పెట్టు."

పెట్టాడు. నర్సయ్య దగ్గితేనే గీత ఎగిరిపడింది.

"పడుతుంది నాయినా! గీ ఒక్కసారి పిలువు, ఇగ అడగ."

నర్సయ్య కళ్లు మూసుకుని, ఉన్న సత్తువంతా కూడగట్టి పిలిచాడు. ఇల్లు దద్దరిల్లింది, తెరనిండా గీత లేచింది. ఉపేందర్ సంతోషం పట్టలేక కిటికీలోంచి దొడ్డివైపు చూశాడు.

ఒక్క గొర్రె లేవలేదు. పడుకున్నవి పడుకున్నట్టే నెమరు వేస్తున్నాయి. మధ్యాహ్నమంతా పిలిచి పిలిచి విడవకపోతే ఇంకెందుకు లేస్తాయి? ఆ కేకను తానే అబద్ధం చేశానని అతనికి అప్పుడు తెలిసింది.

"లేసినయా?" మంచంమీద ఒరిగి అడిగాడు నర్సయ్య. మాటకన్నా గాలే ఎక్కువ వచ్చింది.

"లేసినయ్, నాయినా."

గొర్రె అరుపు వినబడందే ఆయన నమ్ముతాడా? గోడ పట్టుకుని లేచి, మెల్లగా కిటికీ వైపు నడిచాడు. కిటికీ అవతల నిలబడ్డ జంగమ్మ అంతా విన్నది. చప్పుడు చేయకుండా దొడ్లోకి దూరి, ముందున్న గొర్రెలను కట్టెతో పొడిచి లేపింది. వాటిని చూసి మిగతావీ లేచాయి. కట్టెను కొంగుచాటున దాచుకుంది.

నర్సయ్య కిటికీ ఊచలు పట్టుకుని, నిలబడ్డ మందను తనివితీరా చూసుకున్నాడు.

"ఇగ నాకు రంది లేదు కొడకా," అన్నాడు. "కారొచ్చిందేమో సూడు."