ఇద్దరుండాల్సిన పని

తమ్ముడి పడవ స్టీరింగులో ఆయిలు కారుతోందని మరదలు వచ్చి చెప్పేనాటికి అన్నదమ్ములిద్దరికీ మాటలు లేక తొమ్మిదేళ్లయింది.

ఒకే వీధి. మధ్యలో రెండిళ్లు. ఆడవాళ్లిద్దరూ కూరగాయలకు కలిసే వెళ్తారు. పిల్లలు ఎవరింట్లో ఉండగా ఆకలేస్తే అక్కడే తింటారు. ఎడమొహం పెడమొహం మగవాళ్లిద్దరికే. పెద్దవాడు రేవు పక్కన రేకుల షెడ్డులో పడవ ఇంజన్లు బాగుచేస్తాడు. అందరూ మేస్త్రీ అంటారు. చిన్నవాడు ఒకప్పుడు లారీ నడిపాడు. ఇప్పుడు పదిమంది పట్టే పడవ పెట్టుకుని జనాన్ని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు దాటిస్తున్నాడు.

గొడవ పెద్దదేం కాదు. కొత్త ఇంజను బిగించడానికి తమ్ముడు అన్నని కాదని బయటి మెకానిక్కును పిలిచాడు. అంతవరకైతే మేస్త్రీ మింగేసేవాడే. కానీ టీకొట్టు దగ్గర నలుగురిలో తమ్ముడు, అన్నయ్య చెయ్యి పాతబడింది అన్నాడు. గ్లాసులో టీ చల్లారకముందే ఆ మాట షెడ్డుకు చేరింది. ఆ రోజుతో సరి.

ఆ బయటి మెకానిక్కు మకాం మార్చి ఏడాది దాటింది. ఇప్పుడీ రేవులో స్టీరింగ్ విప్పి బిగించగలవాడు మేస్త్రీ ఒక్కడే.

ఆయనకి తెలియకుండా వచ్చానంది మరదలు. రేవు మలుపులో, కట్టిన తాడునే మళ్లీ మళ్లీ కడుతున్న తమ్ముడు షెడ్డులోకి కనిపిస్తూనే ఉన్నాడు. మేస్త్రీ చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. అటు చివర నుంచి ఇటు చివరకు అయిదు చుట్లు తిరగాల్సిన చక్రం ఎనిమిది తిరుగుతోందట. ఇంజను కింద ఎప్పుడు చూసినా తడేనట. సోమవారం లైసెన్సు వాళ్లు వచ్చి చూస్తారు, స్టీరింగ్ ఇలా ఉంటే జనాన్ని ఎక్కించనివ్వరు, ఆ పడవ ఆగితే ఇంట్లో పొయ్యి ఆగినట్టే అంది. మేస్త్రీ చేతులు తుడుచుకున్నాడు.

"పొద్దున్నే వస్తా" అన్నాడు. అతని వరకు అది పెద్ద ప్రసంగమే.

మర్నాడు పడవను రేవు మెట్ల పక్కన కట్టారు. ఈ స్టీరింగులో దాపరికమేమీ లేదు. ముందు చక్రం వెనకాల ఒక పంపు, వెనక నీళ్లలోకి వేలాడే ఇంజనుకు అడ్డంగా ఒక సిలిండరు, రెంటినీ కలుపుతూ రెండు గొట్టాలు, వాటి నిండా ఆయిలు. చక్రం తిప్పితే ఆయిలు కదులుతుంది, ఆయిలు తోస్తే ఇంజను పక్కకు తిరుగుతుంది. ఆయిలు కారితే ఆ ఖాళీలోకి గాలి చేరుతుంది. గాలికి తోసే బలం లేదు. కాబట్టి ముందు కారడం ఆపాలి, తర్వాత గాలి తీయాలి. ఒకడు చక్రం దగ్గర, ఒకడు ఇంజను దగ్గర. ఎంత మొనగాడైనా ఒక్కడివల్ల అయ్యే పని కాదు.

చక్రం దగ్గర తమ్ముడు, ఇంజను దగ్గర మేస్త్రీ. మరదలు మధ్య బల్ల మీద కూర్చుంది.

"చక్రం ఎడమకి తిప్పమనమ్మా."

"ఎడమకి తిప్పమంటున్నారు."

"తిప్పానని చెప్పు."

"తిప్పారట."

"పూర్తిగా తిప్పమను. మొహమాటం అక్కర్లేదు."

"మొహమాటం ఎవరికో రేవంతా తెలుసని చెప్పు."

ఆమె ఇటు చూసింది, అటు చూసింది. లేచి చీర కొంగు దోపుకుంది.

"నాలుగు మంచాలేస్తే నిండిపోతుంది ఈ పడవ. దీనికి మధ్యలో నేనొక టెలిఫోను. గాలి తీస్తారో, ఒకరి ప్రాణం ఒకరు తీస్తారో మీ ఇష్టం. పొయ్యి మీద అన్నం ఉంది, నే పోతున్నా."

ఆమె మెట్లెక్కి వెళ్లిపోయింది. మేస్త్రీ సిలిండరు మూత విప్పి, లోపలి రబ్బరు సీలును సూదిమొన పనిముట్టుతో పైకి లాగాడు.

అది చేతికి రాగానే అతని వేళ్లు ఆగాయి. పాతబడిన సీలు గట్టిపడుతుంది, అంచు అరిగిపోతుంది. ఇది అలా లేదు. నానేసిన శనగగింజలా ఉబ్బి, మెత్తబడి, గోరు గుచ్చితే దిగుతోంది. సిలిండరు కింద ఆయిలు చుక్కలు పడ్డచోట పడవ రంగు పొక్కులు లేచి పొరలుగా ఊడిపోతోంది. అసలు ఆయిలైతే రంగు జోలికి పోదు. మేస్త్రీ వేలు తడిచేసుకుని వాసన చూశాడు. సందేహం లేదు. బ్రేక్ ఆయిలు.

లారీ నడిపినవాడి బుద్ధి అది. లారీలో ఏది తగ్గినా డబ్బా తీసి పోయడమే. పడవ స్టీరింగులో అది పోస్తే లోపలి రబ్బరంతా కుళ్లిపోతుందని తమ్ముడికి తెలియక కాదు. పదహారేళ్ల వయసులో ఒకసారి ఇదే పని చేయబోతే, డబ్బా చేతిలోంచి లాక్కుని చెంప మీద కొట్టి మరీ చెప్పింది మేస్త్రీయే.

బ్రేక్ ఆయిలు ఎన్నాళ్ల నుంచి పోస్తున్నాడో తెలియాలి. ఒకటి రెండుసార్లైతే కడిగితే పోతుంది. నెలల తరబడి పోస్తే పంపు సీళ్లు, గొట్టాలు అన్నీ మార్చాలి. సామాను తెప్పించాలి, వారం పడవ ఆపాలి, సోమవారం సంగతి సోమవారం చూసుకోవాలి. మరదలు ఉండుంటే ఆమెతో అడిగించేవాడే. ఆమె లేదు.

మేస్త్రీ ఆ ఉబ్బిన సీలును పడవ అంచు మీద, తమ్ముడికి ఎదురుగా పెట్టాడు. తడివేలిని ఊడిన రంగు మీద నెమ్మదిగా రుద్దాడు. తమ్ముడు చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. తల తిప్పుకుని అవతలి ఒడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు.

చెప్పనీ, అనుకున్నాడు మేస్త్రీ. చేసినవాడు వాడు. నా చెయ్యి పాతబడిందన్నది వాడు. ఒక్క మాట, అన్నయ్యా తప్పయింది అంటే, వారం కాదు నెలైనా ఇక్కడే కూర్చుని చేస్తాను. ముందు వాడే అననీ.

తమ్ముడు అనలేదు.

మేస్త్రీ కొత్త సీళ్లు ఎక్కించి మూత బిగించాడు. సిలిండరు వరకే. పంపు ముట్టుకోలేదు, గొట్టాలు కడగలేదు. కొత్త ఆయిలు సీసా తమ్ముడి వైపు దొర్లించాడు. తమ్ముడు దాన్ని పంపు మీద బోర్లించి బిగించాడు. ఇక మాటలతో పని లేకపోయింది. రెంచితో పడవ అంచు మీద ఒకసారి కొడితే ఎడమ, రెండుసార్లయితే కుడి, మూడయితే ఆపు. ఇంజన్ల హోరులో మాట వినబడనప్పుడు ఇద్దరూ పాతికేళ్ల కిందట పెట్టుకున్న పద్ధతి. తమ్ముడు ఒక్కటి కూడా మరచిపోలేదు. కొట్టిన చప్పుడుకు చక్రం తిరిగింది, గాలి వదిలే నిపిల్ దగ్గర బుడగలు బుసబుసమని వచ్చాయి, తగ్గాయి, చివరికి ఒక్క బుడగా లేకుండా ఆయిలు సన్నని ధారగా వచ్చింది. అంత చక్కగా ఇద్దరూ కలిసి పనిచేయడం చూసి మెట్ల మీద బట్టలుతికేవాళ్లు కూడా ఆగి చూశారు.

చక్రం గట్టిపడింది. సరిగ్గా అయిదు చుట్లు. తమ్ముడు ఏదో అనబోయినట్టు నోరు తెరిచాడు. మేస్త్రీ రెంచి సంచిలో వేయకుండా చేత్తో పట్టుకుని కాసేపు ఆగాడు. తమ్ముడు దగ్గి, తాడు అందుకున్నాడు.

దారిలో మరదలు ఎదురై, ఇక భయం లేదా బావగారూ అని అడిగింది.

"తిరుగుతుంది" అన్నాడు.

అబద్ధం కాదు. ఇంటికెళ్లి అన్నం తింటూ రెండు మూడుసార్లు అదే అనుకున్నాడు, తనేమీ అబద్ధం చెప్పలేదని. మరిది ఏమన్నాడని భార్య అడిగితే ఏమీ అనలేదన్నాడు. మీరేమన్నారని అడిగితే మంచినీళ్లు అందుకున్నాడు.

సోమవారం లైసెన్సు వచ్చింది. పడవ అయిదు వారాలు తిరిగింది. గొట్టాల్లో మిగిలిన బ్రేక్ ఆయిలు ఆ అయిదు వారాలూ తన పని తను చేసుకుంది.

ఆరో వారం, నడి పొద్దున, తొమ్మిది మందితో రేవుకు వస్తుండగా చక్రం వట్టిగా తిరిగింది. వరద నీటి పోటుకు పడవ రాతిగట్టు వైపు కొట్టుకుపోయింది. తమ్ముడు చక్రం వదిలేసి వెనక్కి ఉరికి, ఇంజనును రెండు చేతులతో పట్టి పక్కకు తోశాడు. పడవ తిరిగింది. జనం బతికిపోయారు. కానీ ఇంజను గట్టుకు రాసుకుంది. దానికీ రాయికీ మధ్య అతని కుడిచెయ్యి ఉంది.

డాక్టరు మూడు వేళ్లు తీసేశాడు. బొటనవేలు, చిటికెనవేలు మిగిలాయి.

విచారణ లైసెన్సు ఆఫీసు గదిలో జరిగింది. కిర్రుమనే ఫ్యాను, ఇనప బీరువా, కుంటి కుర్చీలు. స్టీరింగ్ చివరిసారి ముట్టుకున్నది ఎవరని ఆఫీసరు అడిగాడు. గదిలో అందరూ మేస్త్రీ వైపు తిరిగారు. అప్పుడు తమ్ముడు కట్టుకట్టిన చెయ్యి గుండెకు ఆనించుకుని లేచాడు.

"తప్పు నాదండీ. మా అన్నయ్యది కాదు. ఆరు నెలలు బ్రేక్ ఆయిల్ పోశాను. సిగ్గేసి ఆయనకి చెప్పలేదు. తెలిసుంటే అలా వదిలేసే మనిషి కాదు మా అన్నయ్య."

ఆఫీసరు మేస్త్రీని అడిగాడు, "విప్పినప్పుడు నీకేం తెలియలేదా?"

తమ్ముడు అతని వైపే చూస్తున్నాడు. ఆ చూపులో నిందగానీ అనుమానంగానీ రవ్వంత లేదు. సీలును ఎదురుగా పెట్టి, వేలితో రంగు రుద్ది చూపించినా, అన్నకి తెలిసిపోయిందని వాడికి నిజంగా అర్థం కాలేదా, అర్థమై కూడా అన్న పరువు కోసం దాచాడా, మేస్త్రీకి ఎటూ తేలలేదు.

"తెలియలేదండీ" అన్నాడు.

చూపించిన చోట సంతకం పెట్టాడు. తమ్ముడి లైసెన్సు రద్దయింది. పడవ ఒడ్డున బోర్లించారు.

మెట్లు దిగుతూ తమ్ముడు, "నడువన్నయ్యా, ఇంటికి పోదాం" అన్నాడు. తొమ్మిదేళ్ల తర్వాత మొదటి మాట.

ఇప్పుడు తమ్ముడు రోజూ షెడ్డుకు వస్తాడు. చేసే పనేం లేదు. స్టూలు మీద కూర్చుని కబుర్లు చెప్తాడు. ఎడమచేత్తో టీ తాగడం నేర్చుకున్నాడు. అన్నదమ్ములు కలిశారని వీధంతా సంతోషం. మరదలైతే, పోయిన వేళ్లు పోయాయి, మాటైనా వచ్చింది అంటుంది. ఇంజను బాగుకు ఎవరొచ్చినా తమ్ముడు ఆ కథ మొదటి నుంచీ చెప్పి, మా అన్నయ్యకి తెలిసుంటే వదిలేవాడా అని ముగిస్తాడు. వచ్చినవాళ్లు మేస్త్రీని గౌరవంగా చూస్తారు. మేస్త్రీ ఇంజను లోపలికి ఇంకాస్త వంగుతాడు.

నిన్న షెడ్డులో ఇద్దరే ఉన్నారు. మేస్త్రీ పనిముట్టు కింద పెట్టి, "ఒరేయ్" అన్నాడు.

"ఏంటన్నయ్యా?"

తమ్ముడు నవ్వుమొహంతో ముందుకు వంగాడు. మిగిలిన రెండు వేళ్లూ మోకాలి మీద ఉన్నాయి.

"ఆ స్టూలు ఇటు జరుపుకో. ఎండ పడుతోంది" అన్నాడు మేస్త్రీ.