తొందరపడి చెప్పిన చుక్క

మైదుకూరు నాలుగు రోడ్ల దగ్గర ఫ్లెక్సీ మీద నా మొహం నవ్వుతోంది. పక్కనే మా కాలేజీ కరస్పాండెంట్ వీరభద్ర గారు, నాకంటే పెద్ద సైజులో. కింద ఎర్రక్షరాలు: 'అప్పుడే పుట్టిన నక్షత్రాన్ని కనిపెట్టిన మా శిల్ప మేడమ్. అడ్మిషన్లు జరుగుచున్నవి.'

ఆ చుక్క ముసలిదట. చావుకు దగ్గర పడిందట. పొద్దున్నే కర్నూలు నుంచి మా గైడు శ్రీనివాసులు సార్ ఫోన్ చేసి చెప్పారు.

పగలంతా పాఠాలు, ఇంటికొస్తే వంట, ఆ తర్వాత ల్యాప్‌టాప్‌లో పరారుణ చిత్రాలు. ఇదీ నా పీహెచ్‌డీ. నెబ్యులాలో, అంటే అంతరిక్షపు ధూళి మేఘంలో, పుట్టే నక్షత్రాన్ని ఆ ధూళే కప్పేస్తుంది, మామూలు కంటికి కనపడదు. వేడెక్కిన ఆ ధూళి మాత్రం పరారుణంలో మెరుస్తుంది. చావబోయే నక్షత్రమూ ధూళి కప్పుకుని అలాగే మెరుస్తుంది. అందుకే దూరం సరిచూసుకోవాలి. నేను కనిపెట్టానన్న చుక్క నెబ్యులాకి ఎంతో వెనక ఉంది. నేను చూసుకోలేదు. అలసిపోయి ఉన్నాను, ఎవరైనా శభాష్ అంటే బాగుండుననిపించి స్టాఫ్‌రూములో నోరు జారాను.

ఆ చుక్క మీద జర్నల్‌కి పంపిన పేపరు వెనక్కి తీసుకుంటే ఈ ఏడు డాక్టరేట్ రాదు. తీసుకోకపోతే నా పేరు మీద తప్పు అచ్చవుతుంది. మధ్యాహ్నానికి అచ్చు వేయొద్దని వాళ్లకి మెయిల్ పంపేశాను. ఏడవడానికి కూడా ఓపిక లేదు.

వీరభద్ర గారికి చెప్పాను. "అడ్మిషన్లు అయ్యేదాకా ఉండనీ మేడమ్. ఆకాశంలోకి ఎవురు పోయి చూస్తార్లే?" అన్నారు.

ఒళ్లు మండింది. సాయంత్రం మా అత్త తిరుపతమ్మను తోడు తీసుకెళ్లి తాళ్లు విప్పేశాను. ఆమె ఫ్లెక్సీని చుట్టి చంకన పెట్టుకుంది.

"గడ్డివామి మీద కప్పేదానికి పనికొస్తాది. శిల్పా, మేమైతే మూడో నెల దాటేదాకా కడుపు సంగతి ఎవురికీ చెప్పం. నువ్వు ఊరంతా బొమ్మ పెట్టిస్తివి."

"నేను పెట్టించలేదత్తా."

"నోరు తెరిచింది నువ్వే గదా."



వానాకాలమంతా ఆ చిత్రాలన్నీ మళ్లీ మొదటి నుంచి చూశాను. కళ్ల మంట, విసుగు, మానేద్దామన్న ఆలోచన. ఒక సాయంత్రం అదే ధూళిలో మసగ్గా ఇంకో చుక్క కనిపించింది. ముందు దూరం చూశాను. సరిపోయింది. చూసుకోవలసినవి ఇంకా చాలా ఉన్నాయి, అయినా గుండె దడదడలాడింది.

అత్త టీ గ్లాసు తెచ్చి పక్కన పెట్టింది.

"ఏమన్నా కనపడిందా?"

"ఏం లేదత్తా."

ఆమె నా మొహంలోకి చూసి నవ్వాపుకుంది.

"ఆ. అందరికీ అట్లే చెప్పు."