చొక్కాల మీద పడిన శాసనం

నేను ఒక ప్రొజెక్టరును. ఏ ఫ్యాక్టరీలో పుట్టానో గుర్తులేదు. నాకు తెలివి వచ్చేసరికి ఒక జిల్లా శిక్షణ కేంద్రం హాల్లో, పైకప్పుకు తలకిందులుగా వేలాడుతున్నాను. కింద చరిత్ర టీచర్లకు శిక్షణ. ‘చరిత్రను ఆసక్తిగా బోధించడమెలా’ అని నేను తెర మీద వేస్తాను, శిక్షణ నడిపే సుభాషిణి మేడం దాన్ని నిద్రగొంతుతో చదువుతుంది, సార్లు ఫోన్లు చూసుకుంటారు. సమోసాలు రాగానే అందరికీ ప్రాణం లేచొస్తుంది.

ఒక వేసవిలో ఎల్లేశం సారు వచ్చాడు. ఆయన బడి వెనక గుట్ట మీద పాత శాసనం ఉంది. పిల్లలతో కలిసి సుద్దపొడి అద్ది అక్షరాలు చదివాడట. బాటసారుల కోసం చలివేంద్రం పెట్టించిన కామసాని అనే ఆవిడ పేరు అందులో ఉంది. సోమవారం ఆ గుట్టను క్వారీవాళ్లు పేల్చేస్తారు. శిక్షణ చివరి రోజున వచ్చే జిల్లా ఆఫీసరు ఒక్క ఫోను చేస్తే ఆగుతుందని ఆయన ఆశ.

“మేడం, పది నిమిషాలియ్యుండ్రి. సారు ఒక్కసారి జూస్తే చాలు” అని సుభాషిణి మేడంను బతిమాలాడు.

“ముందు గ్రూప్ ఫొటో సార్. తర్వాత మీదే.”

అది అక్కడి ఆచారం. ఫొటో పైకి వెళితేనే శిక్షణ జరిగినట్టు.

ఆఫీసరు వచ్చే వేళకు ఎల్లేశం సారు శాసనం ఫొటోను తెర మీద పెట్టించాడు. అందరూ బ్యానరు పట్టుకుని సరిగ్గా తెరకు అడ్డంగా నిలబడ్డారు. నేను ఉన్న వెలుగంతా కుమ్మరించాను. కామసాని అక్షరాలు ఆఫీసరు తెల్ల చొక్కా మీద, సార్ల మొహాల మీద పడ్డాయి. ఒక్కరైనా వెనక్కి తిరగలేదు.

“మొహాలు సక్కగ వస్తలేవు. ఆ లైటు బంద్ జెయ్యుండ్రి” అన్నాడు ఫొటో తీసేవాడు.

నన్ను ఆపేశారు. ఫొటో కాగానే ఆఫీసరు కారెక్కాడు, మిగతావాళ్లు బస్సుకు పరిగెత్తారు. “సార్, సార్” అంటూ ఎల్లేశం సారు కారు వెంట పడ్డాడు. నాకు గుమ్మం దాకానే కనిపిస్తుంది. ఆయన మళ్లీ లోపలికి రాలేదు.

మరుసటి వేసవి శిక్షణ అంశం స్థానిక చరిత్ర పరిరక్షణ. మొదటి బొమ్మ ఆ శాసనమే, ఆయన తెచ్చిన ఫొటో కంప్యూటర్లో ఉండిపోయింది మరి.

“ఎంత బాగుందో చూడండి! ఇలాంటి చోటికి మీ పిల్లల్ని తీసుకెళ్లాలి” అంది మేడం.

ఎల్లేశం సారు లేచాడు. “అది మా గుట్టది మేడం. ఇప్పుడు లేదు. కంకర కొట్టిన్రు.”

హాలంతా ఫోన్ల మీంచి తలలెత్తింది. సిగ్గులేకుండా నాకు ఆశ పుట్టింది.

“అయ్యో! మంచి పాయింటు సార్. ఫీడ్‌బ్యాకులో రాయండి” అని మేడం తర్వాతి బొమ్మ నొక్కింది. ఆయన కూర్చున్నాడు.

ఇప్పుడు ప్రతి బ్యాచికీ ఆ శాసనాన్ని నేనే చూపిస్తున్నాను. నా బల్బు మసకబారింది, వెనక వరసలకు అక్షరాలు ఆనడం లేదు. అక్కడ ఏం రాసుందని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.