తుడిచే చెయ్యి

మార్కాపురం పలకల షెడ్డులో కృష్ణమ్మది తుడిచే పని. కోసిన పలకల మీది దుమ్ము తడిగుడ్డతో తీసి, చట్రం బిగించేవాళ్లకు అందిస్తుంది. ఈ అంచు నుంచి ఆ అంచుకు ఒకటే ఊపు. మధ్యలో చెయ్యి ఆగితే చార పడుతుంది, చార పడిన పలక వాపసు వస్తుంది. ఇరవై రెండేళ్లలో ఆమె పలక ఒక్కటీ వాపసు రాలేదు. ఆ సంగతి అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పుకునేది.

ఎవరికీ చెప్పని గర్వం ఇంకొకటి ఉండేది. ఓబులేసుకు ఆమె రెండో పెళ్లాం. మొదటి భార్య మణెమ్మ పెళ్లయిన ఏడాదికే జ్వరంతో పోయింది. కృష్ణమ్మ కాపురానికి వచ్చాక ఆ పేరు ఓబులేసు నోట ఒక్కసారి రాలేదు.

శ్రావణమాసంలో ఓబులేసు క్వారీలో రాయి మోస్తూ పడిపోయాడు. ఆసుపత్రిలో తలకు స్కాన్ తీస్తే గోరంత తెల్లమచ్చ కనిపించింది.

"ఆపరేషన్ చేసినా నమ్మకం చెప్పలేను. మీ ఇంట్లో పలకలు తుడిచేవాళ్లు ఉన్నారా?" అన్నాడు డాక్టరు, మందుల చీటీ రాస్తూనే.

ఈ ఊళ్లో తీసిన ఫిల్ము మీద మచ్చ తుడిస్తే తలలో మచ్చా పోతుంది, ఒంగోలులో తీసినవాటికి పోదు. అందుకే గిద్దలూరు వాళ్లు కూడా స్కానుకు ఇక్కడికే వస్తారు.

స్కాన్ గదిలో పనిచేసే అరుణకుమారి ఫిల్మును బల్ల మీద పరిచి తడిగుడ్డ ఇచ్చింది.

"మచ్చ వరకే పెద్దమ్మా. చుట్టూ ఉండేదంతా ఆయన ఇన్నాళ్లూ బతికిన బతుకు."

"నాకు చెప్తాండావా పాపా? నేను తుడిచిన పలక ఒక్కటన్నా వాపసు వచ్చిందేమో అడుగు పో."

ఆ పనితనమే కొంప ముంచింది. గుడ్డ తగలగానే మచ్చ పోయింది. చెయ్యి మాత్రం ఆగలేదు. అరుణకుమారి ఆమె మణికట్టు పట్టుకునేసరికి ఫిల్ములో ఒక్క మూల మిగిలింది.

సాయంత్రానికి ఓబులేసు లేచి కూర్చున్నాడు. ఇడ్లీ అడిగి తిన్నాడు. కృష్ణమ్మను చూసి నవ్వాడు. అట్లాంటి నవ్వు ఆమె ఇన్నేళ్లలో చూడలేదు.

"ఎప్పుడొచ్చినావు మణెమ్మా? జ్వరం తగ్గినాదా?"

 మణెమ్మను మరిచిపోయాడనుకుంది కృష్ణమ్మ, దాచుకున్నాడన్నమాట. విసురుగా స్కాన్ గదికి పోయి గుడ్డ తడిపింది.

"ఆ మిగిలిన మూల గూడా తుడిస్తే ఆయనకు ఇంకేం మిగలదు పెద్దమ్మా," అంది అరుణకుమారి.

 కృష్ణమ్మ గుడ్డ పిండి బల్ల మీద పడేసి వార్డుకు తిరిగొచ్చింది.

"తగ్గినాదిలే. పడుకో," అంది.

ఇప్పుడు ఇంట్లో ఆమె మణెమ్మ. పిలిస్తే పలుకుతుంది. షెడ్డులో మాత్రం సగంలో చెయ్యి ఆగిపోతోంది, పలకలు వాపసు వస్తున్నాయి. "ఏంది కృష్ణమ్మా ఈ చారలు, ఏడబెట్టినావు బుద్ధి?" అని మేస్త్రీ రోజూ తిడతాడు.  ఆమెను ఇంకా ఆ పేరు పెట్టి పిలిచేది ఆ మేస్త్రీ ఒక్కడే.