మెట్ల వీధి ఏ పిన్‌కోడులో ఉంది

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. మా పాపకి ఊపిరాడని రోజున అంబులెన్సు సమయానికి మా ఇంటికి రాకపోవడం. ఊరికే ఊహించుకున్న భయం కాదిది, ఒకసారి జరిగింది.

పాపకి అప్పుడు పద్నాలుగు నెలలు. మధ్యాహ్నం నిద్ర లేస్తూనే ఆయాసం మొదలైంది. ఫోన్ చేస్తే అవతలి అమ్మాయి పిన్‌కోడు అడిగింది. మా ఇంటికొచ్చే ఉత్తరాల మీద చివర నూట పన్నెండు ఉంటుంది, అదే చెప్పాను. "మీ మెట్ల వీధి మాకు నూట తొమ్మిదిలో చూపిస్తోందండీ" అని అక్కణ్ణించే బండి పంపింది. నూట పన్నెండు వాళ్ళ బండి మాకు రెండు వీధుల దూరంలోనే ఉంటుంది. నూట తొమ్మిది వాళ్ళది రైలు గేటు అవతల. కింద వాటాలో కుట్టుమిషను ఆవిడ మమ్మల్ని స్కూటరు మీద ఆసుపత్రికి చేర్చింది. మేం చేరిన ఇరవై నిమిషాలకి గానీ ఆ బండి మా మెట్ల దగ్గరికి రాలేదట. డాక్టరుగారు పాప వీపు నిమురుతూ, "ఈసారి ఐదు నిమిషాలు కూడా పోగొట్టుకోకమ్మా" అన్నారు.

మర్నాడే అంబులెన్సు ఆఫీసుకి వెళ్ళాను. అక్కడి గుమాస్తా మంచివాడే, చేతులే కట్టేసి ఉన్నాయి.

"నోటిమాట మీద మార్చలేనమ్మా. హద్దులు సరిగ్గా ఉన్న మ్యాపు తెండి, నిమిషంలో మార్చేస్తా."

నేను తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసినదాన్ని. మ్యాపు అంటే గోడకి వేలాడేదనే తెలుసు. అయినా వెతికాను. ఫోనులో ఒకటి దొరికింది. మున్సిపాలిటీ గోడ మీదున్నదాన్ని ఫోటో తీసుకొచ్చాను. గ్రంథాలయంలో దుమ్ము కొట్టుకుపోయిన పుస్తకంలో ఇంకొకటి. మూడింటినీ పరుపు మీద పరిచి చూస్తే మూడు గీతలు మూడు దారుల్లో పోయాయి. ఒకటి మెట్ల కింద, ఒకటి మెట్ల పైన, ఒకటి సరిగ్గా మా ఇంటి మధ్యలోంచి.

అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని వంగి చూసింది. "అయితే నా మంచం ఒక పిన్‌కోడు, పొయ్యి ఒక పిన్‌కోడూనా? కాఫీ కావాలంటే ఇక ఉత్తరం రాయాలి కాబోలు."

"నవ్వొస్తోందా అత్తయ్యా మీకు?"

"ఏడిస్తే గీత జరుగుతుందా? లే, పోస్టాఫీసుకి పో. పాపని నేను చూసుకుంటా."

పోస్టాఫీసు కౌంటర్లో ఆవిడ నా మూడు మ్యాపులూ చూసి తల అడ్డంగా ఊపింది. "మా దగ్గర గీతలుండవమ్మా. ఏ పోస్టుమాన్ ఏ గుమ్మం తర్వాత ఏ గుమ్మం ఎక్కుతాడో ఆ జాబితా ఉంటుంది. ఆ నడక ఎక్కడ ఆగితే అదే హద్దు. మీ వీధి మా జాబితాలోనే ఉంది, మ్యాపుల్లోకి ఎందుకు ఎక్కలేదో మాత్రం నాకూ తెలీదు. పాతాయన్ని అడుగు." ఒక కాగితం మీద ఆయన ఇంటి గుర్తులు రాసిచ్చింది.

పాతాయన రిటైరైన పోస్టుమాన్. మా వాళ్ళందరికీ ఆయన సంచీ తాతే. ఉద్యోగం అయిపోయినా సంచీ భుజం మీంచి దిగలేదు, అందులో ఇప్పుడు కూరగాయలుంటాయి. నా మాట పూర్తిగా విని మోకాలు తడుముకున్నాడు.

"తప్పు నాదేనమ్మా. ఆ మెట్లు నావే, నూట తొమ్మిదివే. ఎనభై ఆరు మెట్లు. మోకాలు పోయింది. పక్కన నూట పన్నెండు ఆఫీసులో ఒకావిడ ఉండేది, ఆవిడకి కుక్కలంటే చచ్చే భయం. ఆవిడ ఉత్తరాలు పంచే బీటులో ఒక ఇంట్లో రెండు ఉండేవి. నా మెట్లు నువ్వెక్కు, నీ కుక్కల్ని నేను చూసుకుంటా అనుకున్నాం. ఉత్తరాలు చేరుతున్నాయిగా అని పెద్దాఫీసరు కూడా సరేనన్నాడు. మ్యాపు సంగతి ఎవరికీ గుర్తు రాలేదు."

నాకు కోపం రావాలి. రాలేదు. మోకాలు నొప్పి ఉన్న మనిషి మెట్లు ఎక్కలేకపోవడం కూడా తప్పేనా?

"ఇప్పుడు గీద్దాం తాతా" అన్నాను.

మర్నాడు పొద్దున ఆయన మా మెట్ల కింద, మొదటి మెట్టు మీద అట్ట పెట్టుకుని కూర్చున్నాడు. పైకి రాలేడు కదా. పాపని చంకనేసుకుని నేను ఎక్కుతూ ప్రతి గుమ్మం దగ్గరా ఆగి నంబరు అరిచాను. ఆయన కింద రాసుకున్నాడు.

"పదిహేడు, తాతా!"

"దాని వెనక తలుపు ఏ సందులోకి తెరుచుకుంటుందో చూడు! వెనక ఉత్తరాల పెట్టె ఉంటే అది నూట తొమ్మిదికే!"

"ఓ తాతా, మెల్లిగా! పిల్లలు పడుకున్నారిక్కడ!" అని పదిహేడో గుమ్మంలోంచి ఎవరో అన్నారు.

"నీ పెళ్ళి శుభలేఖ తెచ్చిన గొంతేనమ్మా ఇది, మర్చిపోయావా?" అని ఆయన ఇంకాస్త గట్టిగా అరిచాడు.

పైదాకా వెళ్ళేసరికి నా ఊపిరి ఎగిసిపడుతోంది, పాప మాత్రం కిలకిలా నవ్వుతోంది. నూట పన్నెండుకి ఇరవై మూడు గుమ్మాలు తేలాయి. తాత పెన్సిలుతో గీసిన హద్దు తిన్నగా లేదు, ఇళ్ళ వెనకనుంచీ పక్కనుంచీ వంకర్లు తిరిగింది. అయినా అందులో మా ఇల్లు రెండు ముక్కలు కాలేదు. పోస్టాఫీసు ఆవిడ తన జాబితాతో ఒక్కొక్క గుమ్మం సరిచూసి ముద్ర వేసింది. గుమాస్తా అన్న మాట ప్రకారం నా కళ్ళముందే కంప్యూటర్లో మార్చాడు.

పోయిన నెల పాపకి మళ్ళీ ఆయాసం వచ్చింది. ఫోన్ చేశాను, నూట పన్నెండు అన్నాను. "మెట్ల వీధి, కనిపిస్తోందండీ" అంది అవతలి గొంతు. ఏడు నిమిషాల్లో బండి మెట్ల కిందుంది. అత్తయ్య ఆ డ్రైవరు రెండు చేతులూ పట్టుకుని వదల్లేదు. "వదలండమ్మా, బండి నడపాలి" అన్నాడాయన. ఇప్పుడు పాప బాగుంది. ఇది రాస్తుంటే నా కొంగు నములుతోంది.

తాతకి ఆ మాట చెబుదామని వెళితే ఆ ఇంట్లో లేడు. కొత్త ఇంటికి మారాడని పక్కవాళ్ళు అడ్రసిచ్చారు, ఫోను నంబరు వాళ్ళ దగ్గరా లేదు. ఉత్తరం రాశాను, "అడ్రసు దొరకలేదు" అని తిరిగొచ్చింది. అక్కడింకా ఏ పోస్టాఫీసు నడకా మొదలవలేదట. పాపతో ఆ కొత్త కట్టడాల దుమ్ములోకి వెళ్ళొద్దని డాక్టరుగారి మాట, దాన్ని వదిలి వెళ్ళడానికి నాకు ధైర్యం చాలదు. అత్తయ్యకి అంత దూరం చేతకాదు.

అందుకే ఇది చదువుతున్న మిమ్మల్ని అడుగుతున్నాను. ఊరి చివర కొత్త రోడ్డు మీద పెద్ద నీళ్ళ ట్యాంకు వెనక, ఇంకా రంగు వేయని నాలుగంతస్తుల బిల్డింగు. మూడో అంతస్తులో ఒంటరిగా ఉంటాడు. మీరు అటు వెళితే తలుపు తట్టి, పాప బాగుందని చెప్పండి. లిఫ్టు పనిచేస్తోందా, ఆపదొస్తే ఫోనులో ఏ కోడు చెప్పాలో ఆయనకి తెలుసా, కనుక్కోండి.