మెట్ల పక్కన గొట్టం

మసుయోను చూడగానే ఉషియో కౌంటరు వెనక నుంచి వచ్చి నడుం దాకా వంగి నమస్కారం పెట్టాడు. అంత వంగాడంటే పని కాలేదనే అర్థం.

"మీటింగులో మన మాట వచ్చిందండీ. అందరూ బాగా ఆలోచించారు."

"ఎవరైనా వద్దన్నారా?"

"అబ్బే! ఒక్కరు కూడా అనలేదు."

"మరి సరేనన్నారా?"

"వచ్చే నెల మళ్ళీ మాట్లాడుకుందామన్నారు."

ఉషియోది మెట్ల కింద కాఫీ హోటలు. వీధి సంఘానికి పెద్ద కూడా అతనే. కొండ వాలు మీదున్న ఐదిళ్ళకీ ఆ రాతి మెట్లే దారి. పక్కన పట్టుకోవడానికి ఏమీ లేదు. అర్జీ మీద సంఘం ముద్ర వేసిస్తే నగర కార్యాలయం వాళ్ళే వచ్చి కమ్మీ బిగిస్తారు. మసుయో ఏడాదిగా తిరుగుతూనే ఉంది. ఇప్పుడు భర్త తెయిజోకు పక్షవాతం వచ్చింది. గురువారం ఆసుపత్రి నుంచి పంపిస్తారు. కమ్మీ లేని మెట్లయితే ఇంటికి వద్దు, వృద్ధాశ్రమం చూసుకోండని డాక్టరు తేల్చేశాడు.

దీనంతటికీ కారణం యానిమే అనే ఒక బొమ్మల సినిమా. అందులో ఒక బడిపిల్ల ఏడ్చుకుంటూ ఈ మెట్ల మీదుగానే పరుగెత్తుతుంది. బొమ్మలో కమ్మీ లేదు కాబట్టి ఇక్కడా ఉండకూడదని సంఘం వాళ్ళ ఆలోచన. ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. ఫోనులో ఆ బొమ్మ పెట్టుకుని, సరిగ్గా అదే చోట నిలబడి ఫోటో తీసుకుని, ఉషియో హోటల్లో ఆ పిల్ల తాగిన ఆకుపచ్చ సోడా తాగి వెళ్తారు.

పోనీ వాళ్ళని తిట్టుకుందామా అంటే సందివ్వరు. అరవరు, చెత్త పారేయరు. మసుయో గుమ్మంలోకి వస్తే చాలు, పక్కకి తప్పుకుని తల వంచి నిలబడతారు. ఆమె కనుమరుగయ్యేదాకా అలాగే ఉంటారు. తన ఇంటి ముందు తానే అడ్డమైనట్టు ఆమెకు ఒళ్ళు మండేది.

ఆ రోజు హోటలు నుంచి వస్తుంటే మెట్ల మీద ఒక అమ్మాయి ఫోను చూసుకుంటూ కనిపించింది.

"అమ్మాయీ, ఇక్కడ కమ్మీ బిగిస్తే మీరు రావడం మానేస్తారా?"

"ఎందుకు మానేస్తాం మామ్మగారూ? అడ్డమొస్తే ఫోనులో చెరిపేస్తాం. ఇదిగో, ఈ దీపస్తంభం చెరిపేశాను చూడండి." తర్వాత కాస్త నసిగింది. "పొద్దున మీరు చెత్త సంచి పట్టుకుని వెనకాల ఉన్నారు. మిమ్మల్ని కూడా... ఏమనుకోకండి."

మసుయో వెనక్కి తిరిగి హోటలుకు వెళ్ళి ఈ సంగతి చెప్పింది.

"మంచి మాట తెచ్చారండీ! వచ్చే నెల మీటింగులో చెబుదాం."

"గురువారం ఈ నెల్లోనే వస్తుందండీ!"

ఉషియో మళ్ళీ వంగాడు.

ఇంటికి వచ్చి, ఆసుపత్రికి ఫోను చేసి కమ్మీ ఉందని చెప్పేసింది. బట్టలారేసే స్టీలు గొట్టాలు రెండు తీసింది. ఒకదానిలో ఒకటి దూర్చి, కింది కొస దీపస్తంభానికి, పై కొస తన గేటు స్తంభానికి తీగతో బిగించి కట్టింది. వేళ్ళు కోసుకుపోయాయి.

గురువారం టాక్సీ మెట్ల కింద ఆగింది. తెయిజో కుడిచేత్తో గొట్టం పట్టుకున్నాడు. ఎడమ పక్క మసుయో పట్టుకుంది. ఒక్కో మెట్టుకీ గొట్టం కిర్రుమంటోంది. సగం ఎక్కేసరికి ఉషియో వెనక నుంచి వచ్చి వాళ్ళను దాటి ఎదురుగా నిలబడ్డాడు.

"తెయిజో గారూ, కులాసాగా వచ్చారు, సంతోషం. మసుయో గారూ, ఏమీ అనుకోకపోతే... ఆదివారం ఆ యానిమే వాళ్ళ పండుగ ఉంది. అందాకా ఇది కాస్త..."

"తీసేయండి. ముందు ఆయన చెయ్యి విడిపించి తీయండి."

ఉషియో ఆ చేతి వంక చూశాడు. పిడికిలి బిగిసి తెల్లబడి ఉంది.

"జరగవయ్యా ఉషియో," అన్నాడు తెయిజో, సగం తిరిగే నాలుకతో. "నాకు అర్జంటుగా బాత్రూముకి వెళ్ళాలి."

ఉషియో గోడకి అంటుకుపోయాడు. వాళ్ళిద్దరూ అతన్ని రాసుకుంటూ పైకి ఎక్కారు. గేటు దగ్గర మసుయో తిరిగి చూసింది. అతను గొట్టాన్ని పట్టుకుని ఊపి చూస్తున్నాడు.

"ఈ కట్టు ఎన్నాళ్ళో ఆగదండీ," అన్నాడు.

"తెలుసు. అందుకే కదా ఏడాది నుంచి అడుగుతున్నది!"

తలుపు తోసి, భర్త బూట్లు విప్పడానికి కింద కూర్చుంది.