మూత వెయ్యని పెట్టె

"ఆదివారం కూడానా? ఆ ప్లాస్టిక్ కాగితం ఒక్కపూట ఆగితే చస్తుందా?" అన్నారు మా ఆయన, తాగేసిన టీ కప్పు నా వైపు జరుపుతూ. కడిగేది ఎలాగూ నేనే కదా.

పెళ్ళైన కొత్తలో ఓపిగ్గా చెప్పాను. ఫ్యూయల్ సెల్ మధ్యలో నేను చేసే పల్చటి పొర ఉంటుందనీ, అయాన్లు దాన్ని దాటితేనే కరెంటు పుడుతుందనీ. క్షారంలో నానబెట్టి తీశాక దానికి మామూలు గాలి తగలకూడదు, అందులోని కార్బన్ డయాక్సైడుకే మందగిస్తుంది. "అబ్బో, నీకన్నా సుకుమారం" అని నవ్వారు. అత్తగారూ నవ్వారు. నేనూ నవ్వాను, అదీ నా ఖర్మ.

మొన్న గురువారం ల్యాబులో పొరని గాలి చొరబడని నైట్రోజన్ పెట్టెలో పెడుతుంటే మా ఆయన ఫోను. ఆడపడుచు వాళ్ళొచ్చారట. మళ్ళీ ఫోను. "ఇంకా బయల్దేరలేదా? వాళ్ళ ముందు నా పరువు తీస్తావా?" ఇంకోసారి మోగింది. పెట్టె మూత వెయ్యకుండానే బస్సు కోసం పరిగెత్తాను. ఇంట్లో అందరూ సోఫాల్లో కూర్చుని నా కోసం ఎదురుచూస్తున్నారు, అంటే టీ కోసం.

మర్నాడు కొలిస్తే పొర సగం కూడా పనిచెయ్యలేదు. "మీ పొర ఇంతేనమ్మా, సెల్‌లో వేరేవాళ్ళది పెడదాం" అన్నారు మా పెద్దసారు. మూత సంగతి నోటిదాకా వచ్చింది. అది చెబితే ఎందుకు పరిగెత్తానో కూడా చెప్పాలి. ఆడవాళ్ళతో ఇదే తంటా అంటారు. గాలి తగిలిన పొరని మళ్ళీ క్షారంలో నానబెడితే తేరుకుంటుందని నాకు తెలుసు, ఆ మాటైనా అనొచ్చు. సరేనని తలూపి వచ్చేశాను. ఏళ్ళ తరబడి చేసిన పని నా కళ్ళముందే పక్కకి పోయింది. ఇలా నోరు మూసుకుని ఇంకెన్ని పోగొట్టుకున్నానో.

ఇవాళ ఆ టీ కప్పు అక్కడే వదిలేసి ల్యాబుకి వచ్చాను. నానబెట్టాను, కడిగాను, ఈసారి మూత బిగించి కొలిచాను. పొర బ్రహ్మాండంగా ఉంది. సారుకి ఫోన్ చేసి అంతా చెప్పాను, ఇంటినించి వచ్చిన ఫోన్లతో సహా.

"మొన్ననే చెప్పాల్సిందమ్మా," అన్నారాయన. "నిన్ననే వాళ్ళది బిగించేశాం. మళ్ళీ అవకాశం వచ్చే ఏడే."

కొలత చూస్తూ కూర్చుని ఏడ్చాను. ఇంతలో మా ఆయన ఫోను.

"ఇంకా రాలేదేం? వంట సంగతేంటి?"

"బియ్యం డబ్బాలో ఉన్నాయి," అన్నాను. "మూత మీరే తీసుకోండి."